తెలుగు బ్లాగు నడపడం: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు, వాటికి జవాబులు

కొత్తగా బ్లాగు మొదలుపెట్టినవాళ్లే కాదు, పదేళ్లుగా రాస్తున్నవాళ్లు కూడా తిరిగి తిరిగి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకే వాటన్నిటినీ ఒకచోట పెట్టాం. ఎక్కడ తెరిచి చదివినా అర్థమయ్యేలా ఏ జవాబుకు ఆ జవాబే రాశాం. రూపాయల్లో చెప్పిన ధరలు ఉజ్జాయింపు మాత్రమే, కొనే రోజున ఓసారి సరిచూసుకోండి.

## మొదలుపెట్టే ముందు

బ్లాగ్‌స్పాట్ ఉచితమే కదా, వర్డ్‌ప్రెస్‌కి డబ్బులెందుకు తగలేయాలి?

తగలేయనక్కర్లేదు. కథలు, కవితలు, వంటలు, ఊరి ముచ్చట్లు రాసుకునేవాళ్లకు బ్లాగర్ (బ్లాగ్‌స్పాట్ చిరునామాలిచ్చే గూగుల్ సేవ) ఇప్పటికీ సరిపోతుంది. సర్వర్ బాగోగులు గూగుల్ చూసుకుంటుంది. మీరు కాపాడుకోవలసింది మీ గూగుల్ ఖాతా ఒక్కటే. లోటల్లా సదుపాయాల్లో ఉంది. ఏళ్లు గడిచినా అక్కడ పెద్దగా కొత్తవి చేరలేదు, మీకు కావలసినట్టు మలుచుకోవడానికీ హద్దులున్నాయి.

సొంత హోస్టింగు (సైటు ఫైళ్లు ఉంచడానికి సర్వర్‌లో అద్దెకు తీసుకునే చోటు) మీద వర్డ్‌ప్రెస్ పెట్టుకుంటే ఏదైనా చేసుకోవచ్చు, కానీ ఇంటి యజమానికి ఉండే తిప్పలన్నీ మీకూ ఉంటాయి. అప్‌డేట్లు, బ్యాకప్‌లు, చెత్త వ్యాఖ్యలు, హోస్టింగు బిల్లు కలిపి నెలకు గంటో రెండు గంటలో మరమ్మతుకే పోతాయి. ఆ గంట ఇవ్వలేకపోతే బ్లాగర్‌లోనే ఉండండి.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ ఒకటేనా?

కాదు. డాట్ ఆర్గ్‌లో దొరికేది ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని మీరు కొన్న హోస్టింగులో మీరే ఎక్కించుకుని నడుపుకుంటారు. డాట్ కామ్ అనేది అదే సాఫ్ట్‌వేర్‌తో ఒక కంపెనీ నడిపే సేవ. అందులో ఉచిత ఖాతా ఉంది గానీ మీ టపాల (పోస్టుల) మధ్య వాళ్ల ప్రకటనలు వస్తాయి. "ప్లగిన్ (అదనపు సదుపాయం ఇచ్చే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకోండి" అని ఎవరైనా సలహా ఇస్తే మామూలుగా అది డాట్ ఆర్గ్ వర్డ్‌ప్రెస్ గురించే అనుకోండి.

సొంత డొమైను నిజంగా అవసరమా?

మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలని అడిగితే మా జవాబు డొమైనే, అంటే మీ సైటుకు మీరు కొనుక్కునే పేరు. థీమ్ (సైటు రూపురేఖల అమరిక) తర్వాత కొనొచ్చు, హోస్టింగు ఎప్పుడైనా మార్చొచ్చు. మీకొచ్చిన లింకులు, పాఠకుల బుక్‌మార్కులు, గూగుల్‌లో సంపాదించిన చోటు, ఇవన్నీ మాత్రం చిరునామాకు అతుక్కుని ఉంటాయి. చిరునామా వేరేవాళ్లదైతే అవీ వాళ్ల దయ మీదే. ఇందుకు పెద్ద ఉదాహరణ బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్. ఒకప్పుడు మన దేశంలో చూసేవాళ్లకు బ్లాగ్‌స్పాట్ బ్లాగులన్నీ ఆ పేరుతోనే తెరుచుకునేవి. 2020లో ఆ పేరు గూగుల్ చేయి జారిపోయింది. దాంతో పాత టపాల్లో, వ్యాఖ్యల్లో ఆ పేరుతో ఇచ్చుకున్న లంకెలన్నీ చచ్చుబడ్డాయి.

పేరు చిన్నదిగా, ఫోనులో చెబితే ఎదుటివాళ్లు తప్పు లేకుండా రాసుకునేలా ఉండాలి. తెలుగు పేర్లకు ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు వర్ణక్రమాలు వస్తాయి. "కథ" చివర ఒక ఏ పెడతారు కొందరు, ఇంకొందరు హెచ్ కూడా కలుపుతారు. అలాంటి పేరే కావాలంటే రెండు రూపాలూ కొని, ఒకదాన్నుంచి రెండోదానికి దారి మళ్లించండి.

డొమైన్ పేరు తెలుగు లిపిలోనే కొనొచ్చా?

కొనొచ్చు. డాట్ భారత్ అనేది తెలుగు లిపిలో కూడా ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వాడకంలో మాత్రం ఇబ్బంది ఉంది. యంత్రాలు లోపల దాన్ని ఎక్స్ఎన్ అని మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల గొలుసుగా మార్చుకుంటాయి, కొన్ని యాప్‌లలో కాపీ చేసి పెడితే ఆ గొలుసే కనిపిస్తుంది. ఆ పేరుతో ఈమెయిల్ చిరునామా పెట్టుకుంటే చాలా వెబ్‌సైట్లు ఒప్పుకోవు. కావాలంటే అదనపు పేరుగా ఉంచుకుని, అసలు చిరునామా మామూలు లిపిలో పెట్టుకోవడం మేలు.

అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుంది?

బ్లాగర్‌తో అయితే డొమైను ఖర్చే. డాట్ కామ్‌కు సుమారు 800 నుంచి 1,200 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. వర్డ్‌ప్రెస్‌కు హోస్టింగు అదనం, అసలు మెలిక కూడా అక్కడే. "నెలకు 149 మాత్రమే" అన్న ధర సాధారణంగా మూడు నాలుగేళ్లకు ఒకేసారి కడితేనే వర్తిస్తుంది, రెన్యూవల్ నాటికి రెండింతలో మూడింతలో అవుతుంది. కొనేముందు రెన్యూవల్ ధర ఎంతో చూడండి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్టుకు (పాఠకుడికీ సైటుకూ మధ్య సమాచారం గుట్టుగా వెళ్లేలా చేసేది) విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, మంచి హోస్టింగులన్నీ తామే ఎక్కించి గడువుకు ముందే వాటంతటవే పొడిగిస్తాయి.

ఇంకో మాట. డొమైను ఒకచోట, హోస్టింగు వేరేచోట కొనండి. హోస్టింగు కంపెనీతో తగాదా వచ్చినా పేరు మీ చేతిలోనే ఉంటుంది.

బ్లాగర్‌కి కొన్న డొమైను తగిలిస్తుంటే తప్పు చూపిస్తోంది. ఏం చేయాలి?

ముందుగా మూడు డబ్ల్యూలతో ఉన్న రూపాన్నే బ్లాగర్ సెట్టింగ్స్‌లో ఇవ్వండి, అవి లేకుండా ఇస్తే ఒప్పుకోదు. అప్పుడు తప్పు చూపిస్తూనే రెండు సీనేమ్ రికార్డులు (ఈ పేరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే వరుసలు) ఇస్తుంది. ఒకటి అందరికీ ఒకటే, రెండోది మీ బ్లాగుకు మాత్రమే చెందినది. ఆ రెండింటినీ డొమైను కొన్నచోట డీఎన్ఎస్ (పేరును సర్వర్‌కు కలిపే అమరికల) పేజీలో చేర్చాలి. మూడు డబ్ల్యూలు లేని పేరు కూడా పనిచేయాలంటే నాలుగు ఏ రికార్డులు కావాలి: 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21. డొమైను కంపెనీ ముందే పెట్టిన "పార్కింగ్" రికార్డు తీసేయకపోవడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. కొన్ని గంటలాగి మళ్లీ సేవ్ నొక్కండి. ఆ తర్వాత హెచ్‌టీటీపీఎస్ రెండు మీటలూ వేయండి.

## రాసేటప్పుడు

టపా లింకు కాపీ చేస్తే శాతం గుర్తులతో బారెడు పొడవొస్తోంది. ఎందుకు?

శీర్షిక తెలుగులో ఉండి, అదే చిరునామాలోకి వెళ్లడం వల్ల. యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ అన్ని లిపులకూ వాడే ఉమ్మడి కోడ్‌ల పద్ధతిలో) తెలుగు అక్షరం ఒక్కో ముక్క మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటు మూడు గుర్తులవుతుంది. "తెలుగు" అన్న మాటనే తీసుకోండి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు ముక్కలు. ముక్కకు తొమ్మిది చొప్పున 54 గుర్తులు! వర్డ్‌ప్రెస్ టపా పేరుకు 200 గుర్తుల దగ్గర గీత గీస్తుంది. అంటే సుమారు 22 ముక్కలు దాటిన తెలుగు శీర్షిక మధ్యలో తెగిపోతుంది. ఒకేలా మొదలయ్యే శీర్షికలకు చివర 2, 3 అని అంకెలు తగులుతాయి.

బ్లాగర్‌ది ఇంకో తంతు. తెలుగు అక్షరాలను పూర్తిగా వదిలేసి, ప్రతిదానికీ "బ్లాగ్-పోస్ట్" అని పెట్టి పక్కన ఒక అంకె వేస్తుంది.

రెంటికీ మందు ఒకటే. ప్రచురించే ముందు పెర్మాలింక్ (టపా శాశ్వత చిరునామా) పెట్టెలో మూడు నాలుగు మాటల చిరునామాను ఇంగ్లిష్ అక్షరాల్లో మీరే రాయండి, మాటల మధ్య అడ్డగీత పెట్టండి. శీర్షిక తెలుగులోనే ఉంచండి. ప్రచురించాక మాత్రం పాత టపాల చిరునామాలు అందం కోసం మార్చకండి, ఉన్న లంకెలు తెగొచ్చు.

పాత వ్యాసాలన్నీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తున్నాయి.

అను అక్షరాలు లోపల ఇంగ్లిష్ కోడ్‌లే, వాటికి తెలుగు బొమ్మలు తొడిగారంతే. ఆ ఫాంటు లేనిచోట అసలు రూపం బయటపడుతుంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అనులో పాత కూర్పులకూ కొత్త కూర్పులకూ కోడ్‌లు వేరు కాబట్టి మీ ఫైలు ఏ కూర్పుదో సరిగ్గా ఎంచుకోవాలి. మార్చాక వత్తులు, పొల్లులు, కొటేషన్ గుర్తులు, అంకెలు ప్రత్యేకంగా చూసుకోండి, తప్పులన్నీ అక్కడే దాక్కుంటాయి. వ్యాసాన్ని బొమ్మగా పెట్టేసి చేతులు దులుపుకోవద్దు. అలా పెట్టినదాన్ని గూగుల్‌లో వెతికి పట్టుకోలేరు, కాపీ చేసుకోలేరు, చూపు లేనివాళ్ల ఫోను చదివి వినిపించలేదు.

"ఫేస్బుక్", "ఫేస్‌బుక్"లలో ఏది సరి? రెండోది నా కీబోర్డులో రావట్లేదు.

రెండోది చదవడానికి హాయిగా ఉంటుంది. సకూ బకూ మధ్య వత్తు పడకుండా ఆపేది జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనబడని అక్షరం. ఫోను కీబోర్డుల్లో ఇలాంటి మాటలు సూచనల్లోంచి ఎంచుకుంటే అది దానంతటదే వస్తుంది. కంప్యూటర్లో కొట్టేవాళ్లకు లేఖిని వంటి పరికరాల్లో దానికి విడిగా ఒక మీట ఉంటుంది. ఒక మాటను బ్లాగంతటా ఒకేలా రాయండి. మీ సైటులోని వెతుకు పెట్టె రెండు రూపాలనూ వేర్వేరు మాటలుగా చూడొచ్చు.

తెలుగుకు ఏ ఫాంటు, ఎంత సైజు బాగుంటుంది?

టపా లోపలి పాఠానికి నోటో సాన్స్ తెలుగు, మండలి, మల్లన్న, అనేక్ తెలుగు బాగుంటాయి. రామభద్ర, లక్కిరెడ్డి లాంటి లావు ఫాంట్లు శీర్షికలకే వాడండి. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. సైజు 18 పిక్సెళ్లకు తగ్గొద్దు. వరుసల ఎడం అక్షరం సైజుకు 1.7 నుంచి 1.8 రెట్లు ఉంచండి. ఇంగ్లిష్ కోసం చేసిన థీముల్లో అది 1.4, 1.5 ఉంటుంది కాబట్టి పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే అమరిక తెలుగుకు వాడకండి.

గూగుల్‌లో దొరికిన ఫొటో పెట్టి "సౌజన్యం: గూగుల్" అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. గూగుల్ ఆ ఫొటో తీయలేదు, కేవలం చూపించింది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012 సవరణ తర్వాత దాని ప్రకారం ఫొటోకు, తీసినవాళ్లు బతికున్నంతకాలం, వాళ్లు పోయాక మరో 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఉచితంగా వాడుకోగల ఫొటోలుండే వికీమీడియా కామన్స్‌లో వెతకండి. గుళ్లు, కోటలు, పండుగలు, పక్షులు, మన ప్రాంతానివి వేలల్లో ఉన్నాయి. చాలావాటికి తీసినవాళ్ల పేరు, లైసెన్సు పేరు బొమ్మ కింద రాస్తే చాలు. అన్నిటికంటే మీ ఫోనుతో తీసినదే మేలు. ఇంటి ఫొటోలు పెట్టేముందు వాటిలో దాగి ఉండే లొకేషన్ సమాచారం తీసేయండి. వెడల్పు 1,200 పిక్సెళ్లకు కుదించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలోకి మారిస్తే మామూలు ఫొటో 150 కేబీ లోపుకు వస్తుంది.

సినిమా పాటల సాహిత్యం పెట్టొచ్చా?

పాట మొత్తం ఎత్తి పెట్టడం కాపీరైట్ ఉల్లంఘనే. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. విశ్లేషణ, విమర్శ కోసం అవసరమైనన్ని పంక్తులు ఉటంకించడానికి 52వ సెక్షన్ చోటిస్తుంది. పాట మీద రాయండి, పాటను అచ్చెయ్యకండి.

ఏఐతో టపాలు రాయిస్తే గూగుల్ శిక్షిస్తుందా?

ఏఐ వాడినందుకు శిక్షించదు. ఎలా రాసినా సరే, పనికిరాని పేజీలు గుట్టలుగా పోస్తే శిక్షిస్తుంది. 2024 మార్చిలో తెచ్చిన స్పామ్ నియమాల్లో ఇది స్పష్టంగా ఉంది. ఇక తెలుగులో అదనపు చిక్కు ఏమిటంటే, ఏఐ రాత పైకి సాఫీగా కనిపిస్తుంది, లోపల ఊరి పేర్లు, తేదీలు, కొలతలు కల్పించి ఉంటాయి. అచ్చుతప్పులు వెతికించడానికి, శీర్షికలు నాలుగు అడగడానికి వాడుకోండి. ఆవకాయలో కారం ఎంతో మాత్రం మీరే చెప్పండి.

వారానికి ఎన్ని టపాలు రాయాలి?

మీరు రెండేళ్లపాటు ఆపకుండా రాయగలిగినన్ని. నెలకు రెండైనా ఫరవాలేదు.

## కాపాడుకోవడం

రోజుకు ముప్పై మంది చూసే నా బ్లాగును ఎవరు హ్యాక్ చేస్తారు?

మనుషులు మీ బ్లాగును ఎంచుకోరు. పాత ప్లగిన్ ఎక్కడుందా అని యంత్రాలు నెట్ అంతా గాలిస్తుంటాయి, దొరికిన తలుపల్లా తోస్తాయి. వాటికి మీ రాతలతో పనిలేదు. మీ సర్వర్‌లోంచి స్పామ్ మెయిళ్లు పంపడం, నకిలీ సరుకుల పేజీలు దాచడం, మీ పాఠకులను జూదం సైట్లకు తరలించడం వాటి పని. చిన్న బ్లాగు యజమాని రోజూ చూసుకోడు కాబట్టి అదే వాటికి అనువు.

గూగుల్ ఖాతా పోతే బ్లాగర్ బ్లాగు కూడా పోయినట్టేనా?

ఆ ఒక్క ఖాతానే అడ్మిన్ అయితే, అవును. ఈరోజే మూడు పనులు చేయండి. మీదే ఇంకో గూగుల్ ఖాతాను, లేదా నమ్మకమైన మనిషి ఖాతాను రెండో అడ్మిన్‌గా చేర్చండి. రెండంచెల ధ్రువీకరణ పెట్టి, అది కూడా ఎస్ఎంఎస్ ఓటీపీతో కాకుండా అథెంటికేటర్ యాప్‌తోనో పాస్‌కీతోనో (వేలిముద్రతోనో ఫోను లాక్‌తోనో తెరుచుకునే తాళం) పెట్టండి. మీ నంబరుకు నకిలీ సిమ్ తీసుకున్నవాడికి ఓటీపీలు అందుతాయి. మూడోది, గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద అచ్చు తీసి బీరువాలో పెట్టండి. ఫోను పోయిన రోజున ఆ కాగితమే దిక్కు. రెండేళ్లు తెరవని ఖాతాలను గూగుల్ తొలగించే విధానం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. రాయడం మానేసినా అప్పుడప్పుడూ లాగిన్ అవుతుండండి.

వర్డ్‌ప్రెస్‌కు ఏ సెక్యూరిటీ ప్లగిన్ పెట్టాలి?

ప్లగిన్ కంటే ముందు చేయవలసినవి ఉన్నాయి. దొంగతనాలు ఎక్కువగా జరిగేది ప్లగిన్లు, థీముల్లోని కంతల ద్వారానే. వాడనివాటిని ఆఫ్ చేసి వదిలేయకుండా డిలీట్ చేయండి, ఎందుకంటే ఆఫ్ చేసిన ప్లగిన్ ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి. మిగిలినవాటికి ఆటో అప్‌డేట్ పెట్టండి. డబ్బుకు అమ్మే థీమ్ టెలిగ్రామ్‌లో ఉచితంగా దొరికిందంటే, అందులో ఎవరో దొడ్డిదారి పెట్టి ఇచ్చారనే అనుకోండి.

"అడ్మిన్" అనే యూజర్‌నేమ్ వద్దు. రోజువారీ టపాలు ఎడిటర్ స్థాయి ఖాతాతో రాయండి, అడ్మిన్ ఖాతాను మరమ్మతులప్పుడే తెరవండి. వర్డ్‌ప్రెస్ తనంతట తాను తప్పు పాస్‌వర్డ్‌లకు హద్దు పెట్టదు. ఆ హద్దు కోసం, రెండంచెల లాగిన్ కోసం వర్డ్‌ఫెన్స్ లాంటిది ఒక్కటి చాలు. ఇలాంటివి రెండు పెడితే ఒకదానితో ఒకటి కొట్లాడుకుని సైటు నత్తనడక నడుస్తుంది. ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 అనుమతులు (ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అని చెప్పే అంకెలు) ఉండాలి. "పనిచేయట్లేదు, 777 పెట్టు" అన్న సలహా ఎక్కడ కనిపించినా పాటించకండి.

బ్యాకప్ హోస్టింగువాళ్లే తీస్తారు కదా?

తీస్తారు, తరచూ అదే సర్వర్లో పెడతారు. సర్వర్ పోయినా, వాళ్లు మీ ఖాతా ఆపేసినా రెండూ కలిసే పోతాయి. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్‌తో డేటాబేస్ వారానికోసారి, ఫైళ్లు నెలకోసారి మీ గూగుల్ డ్రైవ్‌కు వెళ్లేలా పెట్టండి. మూడు నెలలకోసారి ఒక ప్రతిని పెన్‌డ్రైవ్‌లోకి దించండి. కనీసం నాలుగు పాత ప్రతులు ఉంచండి. ఒక్కటే ఉంచుకుంటే, హ్యాక్ అయిన వారం తర్వాత మీ దగ్గరుండేది హ్యాక్ అయిన బ్యాకప్పే. ఏడాదికోసారి ఒక ప్రతిని వేరేచోట ఎక్కించి తెరుచుకుంటుందో లేదో చూడండి.

బ్లాగర్‌లో సెట్టింగ్స్ నుంచి దించుకునే బ్యాకప్ ఫైలులో టపాలు, పేజీలు, వ్యాఖ్యలు మాత్రమే ఉంటాయి, ఫొటోలు ఉండవు. ఫొటోల అసలు ప్రతులు మీ దగ్గర విడిగా దాచుకోండి. థీమ్‌ను కూడా దాని పేజీలోంచి విడిగా దించాలి.

గూగుల్‌లో నా బ్లాగు పేరు కింద జపాన్ అక్షరాలు కనిపిస్తున్నాయి! తెరిస్తే మాత్రం పేజీ లేదంటోంది.

ఇది బాగా తెలిసిన హ్యాక్. మీ సైటులో వేల పేజీలు పుట్టించి, నకిలీ బ్రాండెడ్ సరుకులకు లంకెలు పెడతారు. ఆ పేజీలు గూగుల్ బాట్‌కు (సైట్లు చదువుతూ తిరిగే గూగుల్ యంత్రానికి) మాత్రమే కనిపిస్తాయి, మీరు తెరిస్తే 404, అంటే పేజీ లేదని చూపిస్తాయి. "పేజీ లేదుగా, గూగుల్‌దే పొరపాటు" అని చాలామంది వదిలేసేది అందుకే.

సెర్చ్ కన్సోల్‌లో (మీ సైటు గూగుల్‌లో ఎలా ఉందో యజమానికి చూపే గూగుల్ పరికరం) యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌తో ఆ పేజీని చూడండి, గూగుల్‌కు కనబడుతున్నదేమిటో తెలుస్తుంది. అక్కడే యూజర్స్ అండ్ పర్మిషన్స్ తెరవండి. వీళ్లు తమను కూడా యజమానిగా చేర్చుకోవడం మామూలే. తెలియని పేరుంటే తీసేయండి, దాంతోపాటు వాళ్లు సర్వర్లో పెట్టిన ధ్రువీకరణ ఫైలునూ తొలగించండి, లేకపోతే మళ్లీ వస్తారు. తర్వాత ఉన్నది ఉన్నట్టు ఒక ప్రతి దించుకుని శుభ్రం మొదలుపెట్టండి. వర్డ్‌ప్రెస్ మూల ఫైళ్లు, ప్లగిన్లు, థీమ్ మొత్తం తీసేసి అధికారిక చోటు నుంచి కొత్తవి ఎక్కించాలి. అప్‌లోడ్స్ ఫోల్డర్లో బొమ్మలుండాలి గానీ పీహెచ్‌పీ ఫైళ్లకు అక్కడ పనిలేదు, కనిపిస్తే అవే దొంగలు. హెచ్‌టీయాక్సెస్ ఫైలు, కాన్ఫిగ్ ఫైలు వరుస వరుసా చదవండి. తెలియని అడ్మిన్ యూజర్లను తొలగించండి.

ఆపై హోస్టింగు, డేటాబేస్, ఎఫ్‌టీపీ, వర్డ్‌ప్రెస్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. కాన్ఫిగ్ ఫైలులోని సాల్ట్ కీలు (లాగిన్‌లను కాపాడే రహస్య అక్షరాల వరుసలు) కూడా మారిస్తే లాగిన్ అయి ఉన్న దొంగను బయటికి గెంటేసినట్టే. సెర్చ్ కన్సోల్‌లో సెక్యూరిటీ ఇష్యూస్ కింద హెచ్చరిక ఉంటే రివ్యూ అడగండి. ఆ చెత్త పేజీలను రోబోట్స్ ఫైలుతో (సెర్చ్ ఇంజన్లకు ఎక్కడికి రావద్దో చెప్పే ఫైలు) అడ్డుకోవద్దు. గూగుల్ వాటి దగ్గరకు వెళ్లి అవి లేవని తనే చూసుకోవాలి, అప్పుడే జాబితాలోంచి తీస్తుంది. పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. దారి మూయకుండా బ్యాకప్ మాత్రమే తిరిగి ఎక్కిస్తే రెండు రోజుల్లో మళ్లీ అదే పరిస్థితి.

డొమైను రెన్యూవల్ మర్చిపోయాను. పేరు పోయినట్టేనా?

డాట్ కామ్ అయితే వెంటనే పోదు. గడువు తీరాక కంపెనీని బట్టి 45 రోజుల వరకు మామూలు ధరకే తీసుకునే వీలుంటుంది. తర్వాత 30 రోజులు రిడెంప్షన్, అప్పుడు పేరు దక్కుతుంది గానీ జరిమానా వేలల్లో ఉంటుంది. ఆపై అయిదు రోజులాగి సంతలోకి వస్తుంది. పాతబడిన పేర్లకోసం కాచుకుని కూర్చునేవాళ్లున్నారు, మీ పేరు మీద జూదం సైటు తెరుచుకున్నా ఆశ్చర్యం లేదు. డొమైను ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్ అదే డొమైనుది కాకూడదు. గడువు తీరితే మెయిలూ ఆగిపోతుంది, గుర్తుచేసే ఉత్తరమే మీకు చేరదు.

నా వ్యాసం వేరేవాళ్లు పేరు తీసేసి పెట్టుకున్నారు. ఏం చేయగలను?

ముందు సాక్ష్యం దాచండి. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో రెండు పేజీలనూ భద్రపరచండి. ఒక మర్యాదైన మెయిల్ రాయండి, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. వినకపోతే గూగుల్ కాపీరైట్ ఫిర్యాదు పత్రం నింపండి. అవతలిది బ్లాగ్‌స్పాట్ అయితే టపాయే పోతుంది, వేరేదైతే శోధన ఫలితాల్లోంచి పోతుంది. మన కాపీరైట్ నియమాలు 2013లోని 75వ నియమం ప్రకారం ఆ సైటును మోస్తున్న సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. వాళ్లు 36 గంటల్లో స్పందించాలి. అయితే 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేలేకపోతే తిరిగి తెరుచుకోవచ్చు.

## పాఠకులు పెరగడం

మూడు నెలలైంది, గూగుల్‌లో అసలు కనబడట్లేదు.

వర్డ్‌ప్రెస్ అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ పేజీ తెరవండి. "సెర్చ్ ఇంజన్లు రావద్దు" అన్న అర్థమిచ్చే గడిలో టిక్ ఉందేమో చూడండి. సైటు కట్టేటప్పుడు పెట్టి తర్వాత తీయడం మర్చిపోతారు. బ్లాగర్‌లో ప్రైవసీ కింద ఇలాంటి మీటే ఉంది. అది సరిగానే ఉంటే సెర్చ్ కన్సోల్‌లో సైటును చేర్చి సైట్‌మ్యాప్ (మీ పేజీలన్నిటి జాబితా) ఇవ్వండి. వర్డ్‌ప్రెస్ 2020లో వచ్చిన 5.5 కూర్పు నుంచి తనే తయారుచేస్తుంది, బ్లాగర్‌కూ ఉంది.

"డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అని చూపిస్తే తప్పేమీ లేదు, ఆ పేజీ ఉందని గూగుల్‌కు తెలుసు, ఇంకా వచ్చి చదవలేదంతే. రోజూ రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కి లాభం లేదు. మీ పాత టపాల్లోంచి ఆ టపాకు లంకెలివ్వండి, నూరు మాటల టపాలను కలిపి ఒక నిండైన టపా చేయండి.

జనం తెలుగులో వెతుకుతారా, ఇంగ్లిష్ అక్షరాల్లోనా?

రెండు విధాలా. పైగా ప్రాంతాన్ని బట్టి మాటే మారుతుంది. ఒకరు గోంగూర అని వెతుకుతారు, తెలంగాణలో పుంటికూర అంటారు. ఆనపకాయ, సొరకాయ ఒకటే. పచ్చడి కొందరికి తొక్కు. శీర్షికలో మీ ఇంటి మాట పెట్టండి, మొదటి పేరాలో రెండో మాట సహజంగా వచ్చేలా చూడండి, చిరునామాలో ఇంగ్లిష్ అక్షరాల రూపం ఉంటుంది. అంతకుమించి అదే మాటను పదిసార్లు ఇరికిస్తే చదివేవాళ్లకు చిరాకు. సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్ నివేదిక తెరిస్తే జనం నిజంగా ఏ మాటలతో వచ్చారో వరుసగా కనిపిస్తాయి. కొత్త టపాలకు విషయం కావాలన్నా అదే మంచి గని.

ఒకప్పుడు బాగా చదివిన టపాకు ఇప్పుడెవరూ రావట్లేదు.

సమాచారం పాతబడిందేమో చూడండి. తెలంగాణలో భూముల వివరాల కోసం ధరణి గురించి రాసిన టపాలు 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాక అక్కరకు రాకుండా పోయాయి. అలాంటప్పుడు కొత్త టపా రాసి పాతదాన్ని వదిలేయకుండా, అదే చిరునామాలో పాఠం మార్చి, పైన సవరించిన తేదీ వేయండి. పాత లంకెల బలమంతా నిలుస్తుంది. ఉత్త తేదీ మార్చి పాఠం అలాగే ఉంచితే ఫలితం ఉండదు.

వాట్సాప్‌లో లింకు పంపితే బొమ్మ రావట్లేదు.

లింకుతో ఏ బొమ్మ చూపాలో చెప్పే ఓజీ ఇమేజ్ అనే ట్యాగు పేజీలో లేకపోవడమో, బొమ్మ మరీ బరువవడమో కారణం. 1,200 × 630 పిక్సెళ్లలో, 300 కేబీ లోపు బొమ్మను ఫీచర్డ్ ఇమేజ్‌గా పెట్టండి. వర్డ్‌ప్రెస్‌లో ఏదైనా ఎస్ఈవో (శోధనలో బాగా కనిపించేలా చేసే) ప్లగిన్ ట్యాగును తనే చేరుస్తుంది. సరిచేశాక కూడా పాతదే కనిపిస్తే లింకు చివర ప్రశ్నార్థకం, ఒక అంకె తగిలించి పంపి చూడండి.

బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్‌కు మారితే ఉన్న ర్యాంకు పోతుందా?

సొంత డొమైను ఉంటే పోకుండా మారొచ్చు. బ్లాగర్ చిరునామాలో సంవత్సరం, నెల, టపా పేరు, చివర హెచ్‌టీఎంఎల్ ఉంటాయి. వర్డ్‌ప్రెస్ పెర్మాలింక్‌నూ సరిగ్గా అదే వరుసలో పెట్టి, దిగుమతిలో టపా పేర్లు మారలేదని చూసుకుంటే ఒక్క లంకె కూడా తెగదు. ఉత్త బ్లాగ్‌స్పాట్ చిరునామా నుంచి అయితే నేరుగా శాశ్వత మళ్లింపు దొరకదు. ముందు బ్లాగర్‌కే డొమైను తగిలించండి. పాత చిరునామాలు వాటంతటవే కొత్తవాటికి మళ్లుతాయి. కొన్ని నెలలాగి గూగుల్ కొత్త పేరుకు అలవాటు పడ్డాక వర్డ్‌ప్రెస్‌కు కదలండి.

ఫేస్‌బుక్ పేజీ ఉంది, వాట్సాప్ ఛానల్ ఉంది. ఈమెయిల్ జాబితా ఇంకా ఎందుకు?

ఆ రెండుచోట్లా మీ పాఠకుల జాబితా మీ చేతిలో ఉండదు. కూడలి, జల్లెడ, హారం వంటి సంకలినుల (చాలా బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపే సైట్ల) మీదే ఆధారపడిన తెలుగు బ్లాగులకు అవి తగ్గేసరికి రాకపోకలు ఎలా పడిపోయాయో పాతవాళ్లకు తెలుసు. ఈమెయిల్ చిరునామాలు ఒక ఫైలుగా మీ దగ్గర ఉంటాయి. సేవ మార్చినా వెంట తీసుకెళ్లొచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ కఠినంగా ఉంటోంది కాబట్టి మీ డొమైనుకు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం రికార్డులు (ఉత్తరం నిజంగా మీ నుంచే వచ్చిందని చూపేవి) ఉండాలి, లేకుంటే స్పామ్‌లోకే. అడగకుండా ఎవరి చిరునామానూ చేర్చకండి, మానేసే లంకె ప్రతి ఉత్తరంలోనూ ఉండాలి.

బ్లాగర్ లెక్కల్లో 5,000 వీక్షణలు, అనలిటిక్స్‌లో 600. ఏది నిజం?

600కు దగ్గరది. అనలిటిక్స్ అంటే గూగుల్ ఇచ్చే విడి లెక్కల పరికరం. బ్లాగర్ లెక్కలో బాట్‌లు కూడా కలుస్తాయి. అనలిటిక్స్ లెక్కలో ప్రకటనలు అడ్డుకునే బ్రౌజర్లవాళ్లు తప్పిపోతారు. వచ్చిన దారుల జాబితాలో వింత సైట్లు కనిపిస్తే ఆసక్తి కొద్దీ నొక్కకండి, అవి అక్కడ పెట్టిందే మీరు నొక్కడానికి.

## డబ్బు

తెలుగు బ్లాగుకు యాడ్‌సెన్స్ ఇస్తారా? ఎంతొస్తుంది?

ఇస్తారు, బ్లాగులో ప్రకటనలు వేసి డబ్బిచ్చే ఈ గూగుల్ సేవ ఒప్పుకున్న భాషల్లో తెలుగూ ఉంది. 18 ఏళ్లు నిండి ఉండాలి. "తక్కువ విలువ గల కంటెంట్" అని తిరస్కరిస్తే తరచూ కారణాలు ఇవి: టపాలు చాలా తక్కువ, ఉన్నవి చిన్నవి, మెనూలో ఖాళీ విభాగాలు, వార్తాపత్రికల నుంచి ఎత్తిన పాఠం. గురించి, సంప్రదింపు, గోప్యతా విధానం పేజీలు పెట్టండి.

తెలుగు పేజీలకు రేటు ఇంగ్లిష్ కంటే తక్కువ. లెక్క ఇలా వేసుకోండి. వెయ్యి వీక్షణలకు 40 రూపాయలు వస్తున్నాయనుకుంటే పదివేల వీక్షణలకు 400. ఖాతాలో 10 డాలర్లు చేరాక ఇంటికి పోస్టులో పిన్ వస్తుంది, 100 డాలర్లు నిండితేనే డబ్బు బ్యాంకుకు పంపుతారు. అంటే చిన్న బ్లాగుకు మొదటి చెల్లింపు ఏడాది పైనే పట్టొచ్చు. పిన్ కోసం చిరునామా డోర్ నంబరుతో సహా పోస్టుమ్యాన్‌కు అర్థమయ్యేలా రాయండి. సొంత ప్రకటనల మీద నొక్కడం, వాట్సాప్ గ్రూపులో "ఒక్కసారి నొక్కండి ప్లీజ్" అనడం ఖాతా పోవడానికి దగ్గర దారి.

కంపెనీ ఉచితంగా పంపిన మిక్సీ మీద సమీక్ష రాస్తే ఆ సంగతి చెప్పాలా?

చెప్పాలి, పైనే, చదివేవాళ్లకు కనిపించేలా. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బే కాదు, ఉచిత వస్తువు, ప్రయాణం, తగ్గింపు కూడా వెల్లడించాలి. అఫిలియేట్ లంకెలకూ (పాఠకులు వాటి ద్వారా కొంటే మీకు కమిషన్ వచ్చేవి) ఇదే వర్తిస్తుంది.

ఈ ఆదాయానికి పన్ను కట్టాలా?

ఆదాయపన్ను రిటర్నులో చూపాలి. హోస్టింగు, డొమైను బిల్లులు ఖర్చుగా చూపుకోవచ్చు కాబట్టి దాచండి. సేవల మీద వార్షిక రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ ప్రశ్న వస్తుంది, అక్కడ ఆడిటర్‌ను అడగండి.

## చాలాకాలం నడిపాక

నా తర్వాత ఈ బ్లాగు ఏమవుతుంది?

ఇంట్లో ఒకరికి తెలిసేలా పెట్టకపోతే, డొమైను గడువు తీరిన కొద్ది నెలల్లో మాయమవుతుంది. బ్లాగర్ వాడేవాళ్లు గూగుల్ ఖాతాలో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ తెరవండి. 3, 6, 12, 18 నెలల్లో ఒక గడువు ఎంచుకుని, ఆ తర్వాత ఎవరికి సమాచారం, డేటా వెళ్లాలో పది మంది వరకు పేర్లు ఇవ్వొచ్చు. సొంత హోస్టింగు అయితే డొమైను కంపెనీ పేరు, హోస్టింగు కంపెనీ పేరు, రెన్యూవల్ తేదీలు, లాగిన్ ఈమెయిల్ ఒక కాగితం మీద రాసి ఎల్ఐసీ పత్రాల పక్కన పెట్టండి. పాస్‌వర్డ్ అందులో రాయకండి. దాన్ని పాస్‌వర్డ్ మేనేజర్లో ఉంచి, అత్యవసర ప్రవేశం ఇంట్లో ఒకరికి ఇవ్వండి.

డబ్బు కట్టేవాళ్లు ఉండరనుకుంటే టపాలన్నీ ముందే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి. ముఖ్యమైనవి పీడీఎఫ్ చేసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. మీ రాతలు ఎవరైనా వాడుకోవచ్చనిపిస్తే బ్లాగు అడుగున క్రియేటివ్ కామన్స్ (ఏ షరతులతో వాడుకోవచ్చో ముందే చెప్పే) లైసెన్సు ప్రకటించండి. ఆ ఒక్క వాక్యం ఉంటే, రేపు ఎవరైనా వాటిని వికీసోర్స్ లాంటి చోట దాచాలనుకున్నప్పుడు హక్కుదారుల కోసం వెతుక్కునే పని తప్పుతుంది.